దెయ్యం ఎప్పుడూ పక్క ఊళ్లోనే

ఆర్టీసీ కండక్టరుగా పాత చిత్తూరు జిల్లా పల్లె రూట్లు తిరిగి తిరిగి, మోకాళ్లు మొరాయించాక ఇంటి పట్టున కూర్చున్నవాణ్ణి నేను. పల్లెవెలుగు కండక్టరుకు రెండు సంగతులు తెలియకుండా ఉండవు. ఏ ఊళ్లో ఎవరి పెళ్లి, ఏ మలుపులో ఏ దెయ్యం. మా మనవడు ఫోనులో దేశంలోని దెయ్యాల చోట్ల జాబితా ఏదో చూస్తూ, "మన సైడు ఒక్కటీ లేదేంది తాతా" అని నొచ్చుకున్నాడు. లేకేం నాయనా, కావలసినన్ని ఉన్నాయి. అసలు దెయ్యం ఉందా లేదా అన్న తగువు జోలికి నేను పోను, అది తేల్చేవాళ్లు వేరే ఉన్నారు. ఈ చోటికే ఆ పేరు ఎందుకొచ్చింది, పక్క చోటికి ఎందుకు రాలేదు అన్నదే నాకు పట్టింది. టికెట్లు కొట్టుకుంటూ, రచ్చబండల దగ్గర వింటూ నాకు తెలిసినంత రాస్తాను.

1. దెయ్యాల ఊరని ఏ ఊరూ తనకు తాను పేరు పెట్టుకోదు.

తలకోన వైపు ఒక నైట్ హాల్టు ఊరుండేది. పేరెందుకులే. రాత్రి బస్సు రచ్చబండ దగ్గర ఆగితే మళ్లీ కోడికూతకే కదలాలి. డ్రైవరు లోపల పొడుగు సీట్లో, నేను టాపు మీద దుప్పటి పరుచుకుని పడుకునేవాళ్లం. మొదటి రాత్రే ఒక పెద్దాయన చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చి, "నిబ్బరంగా పండుకోండి సామీ. మా ఊర్లో అట్టాంటివి ల్యా. అదుండేదంతా చెరువుకట్ట అవతల, ఆ పక్కూరోళ్ల చింతమాను కాడ" అన్నాడు. కొన్నేళ్లకు ఆ పక్కూరికే డ్యూటీ పడింది. అక్కడ ఒక అవ్వ అన్నం పెట్టి మరీ చెప్పింది. "ఆ చింతమాను మాది కాదు నాయనా, కట్టకు అవతలోళ్లది. వాళ్ల ఆడపిల్లే కదా అందులో ఉండేది."

ఇద్దరూ చూపించింది ఒకే మానును. తర్వాత ఒకసారి ఆ ఊరి కరణం బస్సెక్కితే అడిగాను, ఆ చింతమాను ఎవరి పొలంలో ఉందండీ అని. ఆయన నవ్వి, "అది పోరంబోకు గదయ్యా" అన్నాడు.

నా సర్వీసంతటిలో నాకు దొరికిన గొప్ప తాళంచెవి ఆ ఒక్క మాటే. ఎవరికీ చెందని జాగా ఎక్కడుందో కనుక్కో, దెయ్యం అక్కడే ఉంటుంది.

2. ఊరు తన భయాన్ని తీసుకెళ్లి అంచున పోస్తుంది.

కలరా తగిలిన రోజుల్లో ఏం చేసేవాళ్లో మా అవ్వ చెప్పేది. అమ్మవారి బొమ్మను చేటలో పెట్టి, పసుపు కుంకుమ, వేపాకు, నాలుగు మెతుకులు వేసి, పలకలు కొట్టుకుంటూ పొలిమేర దాటించి వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసేవాళ్లట. తెల్లారి పక్క ఊరివాళ్లు ఆ చేటను చూసి గుండె గుభేల్మని, వాళ్లూ పలకలు కొట్టి తమ అవతలి పొలిమేరకు చేర్చేవాళ్లు. అలా అమ్మోరు ఊరూరూ నడిచేది. నీళ్లలో ఉన్న జబ్బూ ఆమెతో పాటు నడిచేది. ఇప్పుడు కలరా భయం అంతగా లేదు గానీ అలవాటు అలాగే ఉంది. దిష్టి తీసిన గుమ్మడికాయ, ఎండుమిరపకాయలు, కోసిన నిమ్మకాయ మూడు దార్లు కలిసే చోటే పడతాయి. పొలి చల్లేదీ ఊరి చుట్టూ అంచునే. వందల ఏళ్లుగా రెండు పక్కల నుంచీ పోసిన చోట ఏదో ఒకటి పుట్టక మానుతుందా?

ఆ అంచునే శ్మశానం ఉంది. ఆ అంచునే ఊరు తోసేసిన మనుషులూ ఉన్నారు. చేతబడి అపవాదు ఎప్పుడూ ఎవరి గుడిసె మీద పడిందో గమనిస్తే సిగ్గేస్తుంది. భాకరాపేట బస్సులో తేనె తీసుకొచ్చే యానాది ఒకాయన ఎక్కేవాడు. కుండ ఒలికితే సీట్లు పాడవుతాయని తోటి ప్రయాణికుల సణుగుడు, ఆయనేమో దాన్ని పసిబిడ్డలా ఒళ్లో పట్టుకుని కూర్చునేవాడు. అడవిలో రాత్రిళ్లు ఉంటావు కదా, ఏమైనా చూశావా అని అడిగాను. "అడివిలో నేనేం చూల్యా సామీ. ఊర్లోకొస్తేనే, నన్ను జూసి పిలకాయలు పరిగెత్తతారు" అన్నాడు.

3. దారి లేని చోట దెయ్యం ఉండదు.

మనుషులే పోని గుట్ట మీద ఏముందో ఎవరికి తెలుసు, ఎవరు చెబుతారు? చూసేవాడు కావాలి, చూసి బతికొచ్చి ఇంకొకడికి చెప్పేవాడు కావాలి. స్కాట్లాండులో లోక్ నెస్ అని ఒక సరస్సుంది. అందులో పెద్ద మృగం ఉందని లోకమంతా మోగిపోయింది 1933లో. సరస్సు ఒడ్డెంబడి కొత్త రోడ్డు పడింది కూడా అప్పుడే. మృగం రోడ్డు కోసం కాచుకుని ఉందనుకోవాలా, రోడ్డు మీద పోయేవాళ్ల కళ్లకు పనిపడిందనుకోవాలా?

మన సైడు దారులంటే కనుమలు. కింద కర్నాటిక్ మైదానం, ఆర్కాటు సీమ, పైన మైసూరు పీఠభూమి. ఎవడు ఎటు దండెత్తినా ఈ కనుమల్లోంచే పోవాలి. 1740లో దామలచెరువు కనుమలో మరాఠాలు ఆర్కాటు నవాబు దోస్త్ అలీని యుద్ధంలో చంపేశారు. 1782 డిసెంబరులో హైదర్ అలీ చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలోనే కన్నుమూశాడు. టిప్పు వచ్చేదాకా ఆ చావు బయటికి పొక్కకుండా దాచారు. రాజు చచ్చి పడున్నా పైకి అంతా మామూలుగా నడిచిన విడిది అది. అలాంటి నేల మీద కథలు మొలవకపోతేనే ఆశ్చర్యం.

దండ్లు పోయాయి, లారీలొచ్చాయి. బెంగళూరు రోడ్డులో మొగిలి ఘాట్, తిరుపతి నుంచి మదనపల్లె పోయేదారిలో భాకరాపేట ఘాట్, ఈ రెండూ ఎరగని డ్రైవరు లేడు. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు భాకరాపేట దగ్గర రాత్రిపూట లోయలో పడింది. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో బస్సు, లారీ గుద్దుకుని ప్రాణాలు పోయాయి. మలుపులో తెల్లచీర మనిషి చెయ్యెత్తుతుందని, అందుకే స్టీరింగు తిప్పేస్తారని చెప్పేవాళ్లు చాలామంది. నాతో పనిచేసిన ముసలి డ్రైవరొకాయన ఆ మాట అన్నవాణ్ణి నోరు మూయించేవాడు. "దిగుడులో న్యూట్రల్ కొట్టి డీజిలు మిగిలించుకుంటాడు, బ్రేకులు కాలిపోతాయి. బతికినోడు ఓనరుకేం చెప్పాల? తెల్లచీర అని చెప్తాడు" అనేవాడు. అదే డ్రైవరు మలుపులో గుడి రాగానే రూపాయి బిళ్ల విసిరి దండం పెట్టకుండా కదిలేవాడు కాదు. రెండింటికీ పొత్తు కుదరదని మనకనిపిస్తుంది. ఆయనకేమీ ఇబ్బంది లేదు. దండం ఆయన కోసం, న్యూట్రల్ మాట కుర్ర డ్రైవర్ల కోసం.

4. అడవికి గొంతుంది, కళ్లున్నాయి.

తిరుమల కొండల్లో బంగారు బల్లి అని ఒకటుంది. పగలు బండ సందుల్లో దాక్కుంటుంది, రాత్రయితే దాని ఒంటికి తగని గొంతుతో అరుస్తుంది. దేవాంగ పిల్లి ఇంకా విచిత్రం. పిడికెడు జంతువు, మొహమంతా కళ్లే. టార్చి వేస్తే కొమ్మల్లో రెండు నిప్పుకణికలు మెల్లగా, చాలా మెల్లగా పక్కకు జరుగుతాయి. నైట్ హాల్టులో టాపు మీద పడుకున్న నాకు ఒకసారి సరిగ్గా తల మీది కొమ్మలోనే ఆ కణికలు కనబడ్డాయి. ఈలా ఏడుపూ కలిసిన ఒక చప్పుడు వచ్చింది. కింద డ్రైవరు నిద్రలోనే ఆంజనేయుణ్ణి తలుచుకున్నాడు. తెల్లారి ఊరి పిల్లవాడు చూపించాడు, జానెడు జంతువు, కొమ్మను కావలించుకుని నిద్రపోతోంది. పాపం, దాని కళ్లకూ ఒంటికీ ఏవో శక్తులున్నాయని చెప్పి మంత్రగాళ్లు దాన్నే పట్టి హింసిస్తారు. భయపెట్టేది అది కాదు, భయపడాల్సింది అది.

నిజంగా ప్రాణాలు తీసే మృగాలూ ఉండేవి. రేణిగుంట దాటాక కడప లైన్లో మామండూరు స్టేషనుంది. బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ ఆ మామండూరు మనుషుల్ని తినే పులి మీద ఒక పెద్ద కథే రాశాడు. ఇంగ్లీషు చదివే దేశాలన్నింటికీ ఆ చిన్న స్టేషను పేరు అలా తెలిసింది, పులి ఊరుగా. మళ్లీ అదే సంగతి. పేరు పెట్టింది బయటివాడు.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక ఆరేళ్ల పాపను పొట్టనబెట్టుకుంది. బోనులు పెట్టి చిరుతల్ని పట్టారు, మధ్యాహ్నం రెండు దాటాక పిల్లల్ని ఆ దారిన పంపలేదు, నడిచేవాళ్లకు చేతికర్రలిచ్చారు. ఆ దారిలో దెయ్యం ఉందని మాత్రం ఎవరూ అనలేదు, అనడానికి సందూ లేదు. కెమెరాల్లో చిరుత బొమ్మ పడింది. వందేళ్ల కిందట ఇదే జరిగుంటే అక్కడ ఒక కథ లేచేది, ఆ కథ ఈపాటికి ఆ తల్లి కడుపుకోతను కూడా మింగేసి ఉండేది.

5. రాయి నిలబెట్టిన చావు వేరు, నిలబెట్టని చావు వేరు.

పుంగనూరు, మదనపల్లె పక్క పొలాల్లో వీరగల్లులు చూడని రైతు ఉండడు. బాణులు, నోళంబులు, వైదుంబులు కొట్టుకున్న కాలం నాటివి. పశువుల మంద కోసం, ఊరి కోసం పోరాడి చచ్చినవాడి బొమ్మ చెక్కి నిలబెట్టారు. వెయ్యేళ్లు దాటినా ఆ రాళ్ల దగ్గర టెంకాయ కొడతారు, పక్కనే గడ్డివామి వేసుకుని నిద్రపోతారు. ఒక్కరికీ భయం లేదు. అదే 1876–78 ధాత కరువులో గంజి దొడ్ల దారుల్లో రాలిపోయినవాళ్లకు రాయి లేదు, పేరు లేదు. వాళ్లు పడిపోయిన దారుల మీదే మా అవ్వ తరం రాత్రిపూట పిల్లల్ని నడవనిచ్చేది కాదు.

2015 ఏప్రిల్ 7న శేషాచలంలో చీకటీగలకోన దగ్గర, శ్రీవారి మెట్టు అడవిలో, పోలీసు కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. ఎర్రచందనం నరకడానికి వచ్చారన్నారు. వాళ్లలో ఒక్కరి పేరైనా మన వీధిలో ఎవరికైనా గుర్తుందా? అడిగి చూశాను. లేదు.

6. దెయ్యం ఉందంటే ఎవరికి లాభమో చూడు.

ఇది చిన్న పాఠమే. చంద్రగిరి దగ్గర మల్లయ్యగారిపల్లె గుట్ట మీద పాండవుల గుళ్లున్నాయి. గుళ్లు కావు, వేల ఏళ్ల నాటి రాతి సమాధులు. ఇలాంటివాటి కింద నిధి ఉందని, భూతం కాపలా ఉందని మన సీమంతా పుకారే. రాత్రిపూట తవ్వేవాడికి ఆ పుకారు కన్నా మంచి కాపలా ఏముంది? ఊరంతా తలుపులేసుకుని పడుకుంటుంది. తెల్లారి చూస్తే గుంత, నిమ్మకాయలు, పగిలిన రాయి. నిధి దొరికినవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు గానీ, మంత్రగాడికి పొలం రాసిచ్చి బస్సు చార్జీకి తడుముకున్నవాణ్ణి చూశాను. ఇక ఇంట్లో దెయ్యం ఉందని పుట్టించి, అమ్మకం చెడగొట్టి, ఆర్నెల్ల తర్వాత సగం ధరకు తానే కొన్న పెద్దమనుషుల కథలు ప్రతి టౌనులోనూ ఉన్నాయి.

7. లేని చోటికి దెయ్యాన్ని బస్సు ఎక్కించి తేవచ్చు.

1990ల్లో కుప్పం, పలమనేరు పల్లెల్లో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాతలు వెలిశాయి. రాత్రి ఒక ఆడమనిషి తెలిసిన గొంతుతో పిలుస్తుంది, తలుపు తీస్తే ఇంటి మగవాడు పోతాడు, రాత చదివి రేపొస్తానని వెళ్లిపోతుంది. బెంగళూరులో అప్పటికే ‘నాళె బా’ అని రాసుకుంటున్నారు. మా బస్సు కిటికీలోంచి చూస్తే తెలిసిపోయేది. బెంగళూరు రోడ్డు మీది ఊళ్లలో ముందు రాశారు, లోపలి పల్లెల్లో తర్వాత. కొందరు సున్నంతో, కొందరు బొగ్గుతో, పెయింటు ఉన్నవాళ్లు పెయింటుతో. చదువు రాని ఒక తల్లి బడికిపోయే కూతురి చేత రాయించుకుంటే ‘ఓ స్త్రీ రేపు రా’ బదులు ‘ఓ త్రీ రేపు రా’ అని పడింది. ఆ ఇంటికీ ఏమీ కాలేదు. అక్షరం తప్పును ఆ దెయ్యం క్షమించినట్టుంది.

సినిమా ఇంకా తొందరగా చేస్తుంది ఈ పని. బనగానపల్లెలో నవాబుల బంగళా ఒకటుంది. 2009లో ‘అరుంధతి’ వచ్చాక అది అరుంధతి బంగళా అయిపోయింది. యాగంటికి పోయేవాళ్లు ఆగి ఫొటోలు దిగుతారు, సినిమాలోని పశుపతి ఏ గదిలో ఉండేవాడని అడుగుతారు. ఆ నవాబుల గురించి అడిగేవాడు తక్కువ. ట్రాన్సిల్వేనియాకు జరిగిందీ ఇదే. ఆ ప్రాంతంలో కాలుపెట్టని బ్రామ్ స్టోకర్ 1897లో ‘డ్రాకులా’ రాశాడు, అక్కడివాళ్లు ఈనాటికీ వచ్చేపోయేవాళ్లకు జవాబు చెప్పుకుంటున్నారు. టికెట్టు డబ్బులు వస్తున్నాయి కాబట్టి గట్టిగా కాదనడమూ లేదు.

దానికి ఎదురుగా మన ఏనుగు మల్లమ్మ కొండను చూడండి. దొర పేరుతో హార్స్‌లీ కొండ అంటున్నామే, అదే. చీకటి, చలి, అడవి, ఒంటరి ఆడపిల్ల, ఏనుగులు, దెయ్యం కథకు ఏ సరుకూ తక్కువ లేదు. కానీ ఆ కొండవాళ్లు తమ కథ తామే చెప్పుకున్నారు. ఏనుగులు సాకిన మల్లమ్మ వాళ్లకు అమ్మవారైంది.

8. సొంత రాక్షసుణ్ణి దాచిపెట్టకుండా వీధిలోకి తేవాలి.

ఇది నాకు తిరుపతి నేర్పింది. తాతయ్యగుంట గంగమ్మ కథలో భూతం లేదు, పిశాచం లేదు. రాక్షసుడు పాలెగాడు. ఊళ్లో పెళ్లయిన ప్రతి పిల్లా ముందు తన దగ్గరికే రావాలన్నవాడు. పాలెగాళ్లంటే ఈ నేలకు కట్టుకథ కాదు, కోటలు కట్టి, పన్నులు పిండి, కుంఫిణీ తొక్కేసేదాకా ఏలినవాళ్లు. అవిలాలలో పెరిగిన గంగమ్మ మీద చెయ్యి వేయబోతే ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. ఆమె రోజుకో వేషంలో వెతికింది. చివరికి దొర వేషంలో వస్తే, తన పైవాడే వచ్చాడనుకుని బయటికొచ్చాడు, తల పోయింది.

ప్రతి ఏడాదీ మే నెలలో ఊరు ఊరంతా ఆ వెతుకులాట మళ్లీ ఆడుతుంది. బైరాగి వేషం రోజు ఒళ్లంతా తెల్లసుద్ద, బండ వేషం రోజు కుంకుమ, తోటి వేషం రోజు బొగ్గుపొడి, వేపమండలు. మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, పూలు ముడిచి వీధుల్లో నడుస్తారు. ఇంకో రోజు అంటే పళ్లు రాలగొట్టే బూతులు ఆ రోజు పిలకాయలు పెద్దవాళ్ల ఎదుటే తిడతారు, పెద్దవాళ్లు నవ్వుతారు. జాతర రోజుల్లో బస్టాండు నుంచి డ్యూటీ దిగి నడిచొస్తుంటే, మా కాలనీలో అందరికీ వణుకు పుట్టించే ఒక కాంట్రాక్టరు కొడుకు, పదేళ్లవాడు, ఒంటినిండా బొగ్గు పూసుకుని సొంత నాన్నను ఆపి నోటికొచ్చినట్టు తిట్టడం చూశాను. ఆయన తల వంచుకుని పది రూపాయలిచ్చాడు.

నలుగురు ఆడవాళ్లను ఒక మదించినవాడు ఏడిపించిన ఊళ్లు ఎన్నో ఉన్నాయి. చాలా ఊళ్లలో ఆ ఆడపిల్ల బావిలో పడి, చింతమాను ఎక్కి, దారిన పోయే మగవాళ్లను పిలిచే మోహిని అయింది. చంపినవాడి పేరు ఎవరూ ఎత్తరు, చచ్చినదానికి జనం భయపడతారు. తిరుపతిలో మాత్రం కథ అటు తిరగలేదు. భయపడాల్సింది ఎవరికో సరిగ్గా చెప్పారు, అందుకే అక్కడ దెయ్యం లేదు, జాతర ఉంది.

9. నిజమైన ప్రమాదం వస్తే దెయ్యం ఊరు ఖాళీ చేస్తుంది.

1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు కుప్పం, పలమనేరు వైపు వచ్చి ఇక్కడే ఉండిపోయాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటైంది. అడవి పక్క రైతు బతుకు అప్పటినుంచీ రాత్రి బతుకే. టమేటా, చెరకు, అరటి, ఏది వేసినా కాపలా. మంచె మీద డబ్బా, టార్చి, టపాకాయలు. ఏ నెలలో గుంపు ఎటు పోతుంది, ఒంటరి మగఏనుగు ఎందుకు ప్రమాదం, గాలి ఎటు కొడితే మన వాసన దానికి తగలదు, ఆడవాళ్లూ పిల్లలూ కూడా చెప్పగలరు. 2025లో కర్ణాటక ఇచ్చిన, అడవి ఏనుగుల్ని తరిమే కుంకీ ఏనుగుల్ని పలమనేరు దగ్గర ముసలిమడుగులో పెట్టారు. వాటి యోగక్షేమాలు కూడా బస్సులో చర్చే.

ఆ రూటులో నేను కొత్తగా చేరినప్పుడు కొరివి దెయ్యం గురించి వినని ట్రిప్పు లేదు. గుట్ట మీద మంట నడుస్తుందని, చూసినవాడికి జ్వరమని. నేను రిటైరయ్యే ముందు ఆ రూటులోని ఒక ఊరివాడు, అప్పట్లో నన్ను ఆ కథలతో వణికించినవాడే, పంట పోయి బస్సెక్కాడు. కొరివి దెయ్యం ఇప్పుడు కనబడుతోందా అని సరదాకి అడిగాను. "గుట్ట మీద నడిచే మంటంతా ఇప్పుడు మా టార్చీలే కదన్నా" అన్నాడు. కాసేపాగి, చేతిలో ఫారెస్టు ఆఫీసుకు ఇవ్వాల్సిన కాగితం మడత విప్పుతూ, "దెయ్యమైతే నిమ్మకాయతో పొయ్యేది. దీనికి అర్జీ రాయాల, ఫొటో పెట్టాల, వాళ్లొచ్చి చూసేదాకా తొక్కిన చేను దున్నకూడదంట. పలమనేరుకి ఒకటి కొట్టన్నా" అన్నాడు.